ఈవిడ వంటెప్పుడు చేస్తుంది?

(విజయనగరంలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో మాట్లాడింది, రికార్డింగ్ విని రాసిన పాఠం)

వెనకాల వాళ్ళకి వినపడుతోందా అండి? మైకు కాస్త కిందకి దింపండి బాబూ, నేను అంత పొడుగు కాదు. ఆ, చాలు చాలు.

అందరికీ నమస్కారం. మాస్టారు నన్ను పరిచయం చేస్తూ రచయిత్రి, కళాభిమాని అని ఏవేవో అన్నారు, నేను సర్వీసంతా బ్యాంకు కౌంటర్ వెనకాల కూర్చుని నోట్లు లెక్కపెట్టినదాన్ని, రిటైరయ్యాక నాలుగు కథలు రాశాను, అంతే. టాపిక్ అడిగితే "సాహిత్యం, కళ, జీవితం, మీకు తోచింది మాట్లాడండమ్మా" అన్నారు. ఈ టాపిక్ లో ఇబ్బందేటంటే దీని మీద ఎవరైనా ఎంతసేపైనా మాట్లాడొచ్చు, విన్నవాళ్ళు ఇంటికెళ్ళాక ఒక్క ముక్క గుర్తుండదు. అందుకని నేను మొత్తం టాపిక్ ని ఒకే ఒక్క ప్రశ్న కిందకి కుదించేసుకుని వచ్చాను. ఆ ప్రశ్న కూడా నాది కాదు, మా అమ్మది.

మా అమ్మ ఐదో క్లాసు వరకే చదువుకుంది, కానీ చదివే పిచ్చి ఉండేది. ఈ హాల్లో నా వయసు ఆడవాళ్ళకి తెలుసు, అప్పట్లో వీక్లీ ఒకళ్ళు కొంటే నాలుగిళ్ళు తిరిగేది. ఆఖర్న ఎవరింటికి చేరితే వాళ్ళకి సీరియల్ పేజీలు చింపుకునే హక్కు. మా అమ్మ ఆఖరి ఇల్లు అవ్వడానికి చాలా రాజకీయం నడిపేది లెండి. ఆ పేజీలు జాగ్రత్తగా పిన్నులు ఊడదీసి, వారం వారం పరుపు కింద పెట్టి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో కన్నాలు పొడిచి పురికొసతో కుట్టేది. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అతికించేది. అలా మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా నవలలుండేవి, ఒక్కటి కూడా కొన్నది కాదు. పేజీ ఇటు తిప్పితే కథ, అటు తిప్పితే సగం తెగిపోయిన సబ్బు యాడ్, లేకపోతే తలనొప్పి మాత్రల యాడ్. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకునే చోటికి వస్తాడు, కింద "తరువాయి 47వ పేజీలో" అని ఉంటుంది, ఆ 47వ పేజీని పక్కింటివాళ్ళ బాబు పడవ చేసేసుంటాడు.

అమ్మ పోయాక నేను ఆ పెట్టె తెచ్చుకుని ఒక్కొక్కటీ తీస్తుంటే, మార్జిన్లలో పెన్సిల్ తో పాల లెక్కలు కనపడ్డాయి. సోమ అర లీటరు, మంగళ లేదు, బుధ ముప్పావు, ఇలాగ. చేతికి అందిన కాగితం అదే గదా. ఆ లెక్కల మధ్యలో ఒకచోట, ఒక హీరోయిన్ తెల్లారగట్ల లేచి తలంటుకుని జుట్టు ఆరబోసుకుని బాల్కనీలో వీణ వాయిస్తోంది, తర్వాత తోటలో పూలు కోస్తోంది, తర్వాత ఇంగ్లీషు నవల చదువుతోంది, తర్వాత డైనింగ్ టేబుల్ మీద టిఫిన్ రెడీగా ఉంది, ఆ టిఫిన్ పక్కన మార్జిన్ లో మా అమ్మ రాసింది: "ఈవిడ వంటెప్పుడు చేస్తుంది?"

(నవ్వులు)

నేను కూడా మొదట నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, నేను చదివిన విమర్శ వ్యాసాల్లో ఇంత పదునైన ప్రశ్న ఎక్కువ చూడలేదు. ఎందుకంటే ఆ హీరోయిన్ వంట చెయ్యట్లేదు సరే, వంటయితే అయింది గదా, ఎవరు చేశారు? ఆ మనిషి కథలో లేదు. ఆ చెయ్యి కనపడకుండా ఉండబట్టే ఈవిడ వీణ వినపడుతోంది. అప్పట్నుంచీ నాకు ఇదో పాడలవాటు అయిపోయింది, కథ చదివినా, సినిమా చూసినా, గొప్ప కళాకారుడి జీవితం చదివినా మనసులో ఒక మూల ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది.

సరే మన ఊళ్ళో ఉండి మనం గురజాడ వారి దగ్గరే మొదలెట్టాలి, లేకపోతే మీరు నన్ను ఇంటికి వెళ్ళనివ్వరు. కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్ళోనే మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా మార్చి పెంచి రాసిన రెండో కూర్పు వచ్చింది, మనం ఇప్పుడు చదువుకునేది ఆ రెండోదే. మొదటి సీనే బొంకులదిబ్బ. గిరీశం గురించి నూట పాతికేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నాం, వాడి ఇంగ్లీషు, వాడి లెక్చర్లు, వాడి పద్యాలు, చుట్ట కాల్చడం మీద వాడి ఫిలాసఫీ. మా అమ్మ ప్రశ్న వేసి చూడండి. గిరీశానికి అన్నం ఎవరు పెడుతున్నారు? పూటకూళ్ళమ్మ. ఒక విధవ మనిషి, పూటకి ఇంత అని డబ్బు తీసుకుని నలుగురికీ వండి పెట్టుకుని బతుకుతోంది, ఈయన ఆవిడింట్లో తిని, ఆవిడ సరుకులకిచ్చిన 20 రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణికి ఖర్చు పెట్టేశాడు. అంటే ఆ లెక్చర్లన్నిటి కిందా ఉన్నది ఆవిడ పొయ్యి. గురజాడ గారి గొప్పతనం ఏంటంటే ఆయన ఆవిణ్ణి వంటింట్లో వదిలెయ్యలేదు, చీపురుకట్ట చేతికిచ్చి నేరుగా మధురవాణి ఇంటికి తీసుకొచ్చేశారు. గిరీశం మంచం కిందకి దూరితే దెబ్బ అప్పటికే అక్కడ దాక్కున్న రామప్పపంతులుకి తగులుతుంది. ఆ సీన్ కి అందరం పడీపడీ నవ్వుతాం, నాకైతే నవ్వుతోపాటు ఒక తృప్తి, వండినావిడ తన బాకీ వసూలుకి స్వయంగా వచ్చింది గదా అని.

అన్నట్టు 1910లో వచ్చిన దిద్దుబాటులో కూడా ఆఖర్న మంచం కిందే ఉంటుంది మనిషి. ఈసారి ఆడమనిషి, అదీ నవ్వుతూ. మంచం కింద చోటు గురజాడ గారికి బాగా పనికొచ్చింది. ఆ కథ కూడా నాకు ఈ కోణంలోనే కనపడుతుంది, గోపాలరావుకి సంగీతం అంటే ఇష్టం, ఆ ఇష్టం తీర్చుకోడానికి అర్ధరాత్రి దాకా బయట ఉండగలడు, ఇంటికొచ్చి తలుపు తలుపు అని కొట్టగలడు. పాట బయట, పెళ్ళాం లోపల. కమలిని పాడుతుందో లేదో మనకి తెలీదు, ఉత్తరం మాత్రం భలే రాస్తుంది.

ఘంటసాల గారి సంగతి కొందరు పెద్దలకి బాగా తెలుసు, ఈ ఊళ్ళో సంగీతం నేర్చుకోడానికొచ్చి మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకి పాఠం చెప్పారు, ఆ ఇంటి గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. కానీ ఆ జోలెలో రోజూ ముద్ద వేసిన ఆడవాళ్ళున్నారే, నాలుగు వీధుల్లో ఎన్నో గుమ్మాల దగ్గర, వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళకి కూడా తెలీదు, వీడేదో కుర్రాడు, సంగీతం కాలేజీ కుర్రాడు, ఆకలితో ఉన్నాడు అనుకుని పెట్టుంటారు. ఆ గొంతు ఆ ముద్దల మీద నిలబడింది. నేను ఆయన పద్యం ఎప్పుడు విన్నా ఒక్కసారైనా ఆ గుమ్మాలు గుర్తొస్తాయి. ఇది ఆయన్ని తక్కువ చెయ్యడానికి కాదండోయ్, అలా చూడకండి నన్ను మాస్టారూ.

(నవ్వులు)

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. చాసో గారు, అంటే కథలు రాసిన చాగంటి సోమయాజులు గారు. గురజాడ వారు పోయింది 1915లో, చాసో గారు పుట్టింది కూడా 1915లోనే, ఈ జిల్లా వాళ్ళం ఈ లెక్క చెప్పుకుని మురిసిపోతుంటాం. ఆయన రాసిన "వాయులీనం" ఎంతమంది చదివారు? చేతులెత్తండి. ... పర్లేదు, అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నారు. చదవని వాళ్ళు ఇవాళే చదవండి, చిన్న కథ, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది, తర్వాత మిమ్మల్ని చాలా రోజులు వదలదు.

ముందు ఒకటి గుర్తు పెట్టుకోండి. వాయులీనం అంటే ఫిడేలు, ఇది ఫిడేలు ఊరు. 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అందులో చేరుదామని వస్తే ఆయన వాయింపు విని స్టూడెంటుగా కాదు, ప్రొఫెసరుగానే తీసుకున్నారని చెప్తారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. అంటే ఈ ఊళ్ళో సాయంత్రంపూట వీధిలో నడుస్తుంటే ఏదో ఒక ఇంట్లోంచి ఫిడేలు సాధన వినపడ్డ రోజులున్నాయి. అలాంటి ఊరి రచయిత ఫిడేలు మీద కథ రాస్తే మనం ఏం ఆశిస్తాం? మహా విద్వాంసుడు, కచేరీ, గురువు, శిష్యుడు, చప్పట్లు. చాసో గారు ఏం రాశారు? చాలీచాలని జీతంతో నడిచే ఒక సంసారం. అందులో రాజ్యం అని ఒక ఇల్లాలు. పుట్టింట్లో ఫిడేలు నేర్చుకుంది, ఆ ఫిడేలు తనతో పాటు అత్తారింటికొచ్చింది. వచ్చింది గాని, పిల్లలు, పనులు, ఇంక వాయించేదెప్పుడు, అది పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆవిడకి పెద్ద జబ్బు చేసింది. భర్త మంచివాడే, అది గమనించండి, ఈ కథలో విలన్ లేడు. మనిషిని బతికించుకోవాలి, చేతిలో డబ్బులేదు, ఇంట్లో ఖరీదు పలికే వస్తువు ఏదీ అంటే ఆ ఫిడేలు. అమ్మేశాడు. ఆవిడ బతికింది. ఆవిడకోసం ఒక చీర కూడా కొన్నాడు.

ఆఖర్న ఆ చీర చూసి రాజ్యం ఒక మాట అంటుంది. నేను చెప్పను. చెప్తే మీరు చదవరు.

నేను దీన్ని చాలాసార్లు చదివాను, ఒక్కో వయసులో ఒక్కోలా అర్థమైంది. పెళ్ళి కాకముందు చదివినప్పుడు మొగుడి మీద కోపం వచ్చింది. బ్యాంకులో గోల్డ్ లోన్ సీట్లో కూర్చున్నప్పుడు చదివితే కోపం పోయింది, ఎందుకంటే నేను రోజూ అదే చూస్తున్నాను. పుస్తెలతాడు, పిల్లదాని చెవి రింగులు, తూకం వేసి స్లిప్పు రాసి కవర్లో పెట్టి సీలు వేసేదాన్ని. కుదువ పెట్టేవాళ్ళు ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆస్పత్రి, ఫీజు, పెళ్ళి, మదుపులు, అంతే. కౌంటర్ అవతల ఆవిడ నిలబడి ఆ వస్తువుని ఆఖరిసారి ఓ రెండు వేళ్ళతో ఇలా తిప్పి చూసుకునేది, చూసుకుని "ఎంతొస్తాదమ్మా" అనేది. ఇప్పుడు చదివితే నాకు కనపడేది వేరే. ఆ ఫిడేలు అమ్మిన రోజు ఆ ఇంట్లో సంగీతం పోలేదు. అది పెట్టెలోకి వెళ్ళిన రోజే పోయింది. అమ్మకం జబ్బు వల్ల, కానీ ఆపెయ్యడం ఎందువల్ల? దానికి కథలో కారణం ఏదీ పెద్దగా ఉండదు, ఎవ్వరూ వద్దనలేదు, ఎవ్వరూ కొట్టలేదు. టైము లేదు. అంతే. ఆ "అంతే" దగ్గర చాసో గారు మనల్ని వదిలేస్తారు.

ఇక్కడ నాకో అనుమానం ఉంది, మీరు ఒప్పుకోనక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ కళలు బతకలేదా అంటే బతికాయి. ముగ్గు బతికింది. బొమ్మల కొలువు బతికింది. మంగళహారతి పాటలు, పెళ్ళి పాటలు, అల్లికలు, పూలజడలు, అన్నీ బతికాయి. ఎందుకు బతికాయి? అవి పని కిందకి లెక్కొచ్చాయి కాబట్టి. తెల్లారగట్ల గుమ్మంలో కళ్ళాపి జల్లి చుక్కల ముగ్గు పెడితే అది ఇంటి పని. ఎవరూ "ఏటే పొద్దున్నే ఈ కళ" అని అడగరు, పెట్టకపోతే అడుగుతారు. అదే పొద్దున్న అదే అరగంట ఫిడేలు తీస్తే? అది పని కాదు, అది షోకు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గులో ఉండే లెక్క, చెయ్యి ఎత్తకుండా గీత తిప్పే పట్టు, అవి ఏ బొమ్మల స్కూల్లో నేర్పే దానికన్నా తక్కువా? కానీ పది గంటలకి పాలబ్బాయి సైకిలు, స్కూలు పిల్లల చెప్పులు దాన్ని చెరిపేస్తాయి, చెరిపేసినా పర్లేదు, రేపు మళ్ళీ పెడుతుంది గదా. ఆ "పర్లేదు" వల్లే అది మ్యూజియంలోకి వెళ్ళలేదు.

బొమ్మల మాట వచ్చింది గాబట్టి వడ్డాది పాపయ్య గారిని తలుచుకోకుండా ఎలాగ, మన శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో కూర్చుని, చందమామ, యువ పత్రికలకి అట్టల మీద బొమ్మలు వేసినాయన. వ.పా. అని చిన్న సంతకం. మా అమ్మ బైండింగులకి కొన్నిటికి ఆ అట్టలే అట్టలు. ఆ రంగులు చూస్తే ఇప్పటికీ నాకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు, ఆ పసుపు మీద ఆ నీలం ఆయనకే చెల్లింది. కానీ ఒక అట్ట మీద అమ్మాయి నీళ్ళబిందె ఎత్తుకుని నిలబడి ఉంటే మా అమ్మ దాన్ని చూసి "బిందె ఖాళీదే, నిండుదైతే నడుం అలా ఉండదు" అంది. మా వీధి కుళాయి దగ్గర నీళ్ళు మోసిన మనిషి అన్న మాట అది. అని, ఆ బొమ్మనే తీసుకెళ్ళి దేవుడి గూటి పక్కన అతికించింది! ఈ రెండూ ఒక మనిషే చేసింది. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి, ఎందుకంటే మనం అనుకుంటాం, విమర్శ చేస్తే ఇష్టం పోతుందని. ఆవిడకి పోలేదు. బిందె ఖాళీ అని తెలుసు, అందం అనీ తెలుసు.

బొబ్బిలి వీణ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళారా ఎవరైనా? సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ళ ఇళ్ళల్లో తరాలుగా చేస్తున్న పని అది. పనస మాను ఒకే మొద్దులోంచి కుండ, దండి అన్నీ కలిపి తొలుస్తారు, అతుకు ఉండదు. లోపల డొల్ల తొలిచేటప్పుడు గోడ మందం చేత్తో తడిమి చూసుకుంటూ తొలుస్తారు, మెట్లు మైనం మీద కూర్చోబెడతారు, శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి మెట్టు జరుపుకోవాలి. నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన తొలిచిన మొద్దు మీద వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, మళ్ళీ ఉలి తీసుకున్నాడు. ఆయనకి ఏం వినపడిందో నాకు వినపడలేదు.

ఆ వీణలు ఎవరి ఇళ్ళకి వెళ్ళాయి? ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో "అమ్మాయి వీణ వాయిస్తుంది" అంటే అదో అర్హత. పెళ్ళయ్యాక అది గోడకెక్కేది, దాని మీద తువ్వాలు ఆరేసిన ఇల్లు నేను చూశాను. మా పిన్ని ఇల్లే, ఆవిడ ఇక్కడ లేదులెండి. ఇప్పుడేమో పెద్ద వీణ కొనేవాళ్ళు తగ్గి, చిన్న చిన్న బొమ్మ వీణలు, గాజు పెట్టెలో పెట్టి సన్మానాలకి ఇచ్చేవి, వాటికే ఆర్డర్లు ఎక్కువ. తీగ మీటితే పలకదు. ఇందాక నాకిచ్చింది అదే గదా, థాంక్స్ అండి, బాగుంది, చేసినవాళ్ళకి నాలుగు డబ్బులొచ్చాయి గదా, అది ముఖ్యం. పెద్ద వీణ ఆర్డరు రాలేదని వాళ్ళు పస్తులుండాలని నేననను. షోకేసు వీణ పొట్ట నింపుతోంది, ఆ పనితనం చేతుల్లోంచి పోకుండా కూడా ఉంచుతోంది.

ఇంకొకటుంది, ఇది కాస్త గొడవ వచ్చే మాట. రోకటి పాటలు, తిరగలి పాటలు పోయాయని సభల్లో తెగ బాధపడుతుంటారు. బిరుదురాజు రామరాజు గారిలాంటి వాళ్ళు ఊరూరా తిరిగి అలాంటి పాటలు సేకరించి, పుస్తకాలకెక్కించారు, ఆ పని చెయ్యకపోతే మనకి అవి కూడా మిగిలేవి కావు, దానికి దణ్ణం పెట్టాలి. కానీ బాధపడేవాళ్ళని గమనించండి, ఎక్కువమంది ఎప్పుడూ రోకలి పట్టుకోని వాళ్ళే. మా అమ్మమ్మ దంపుతూ పాడేది, నిజమే, రోకలి పైకి లేచినప్పుడు ఒక పాదం, పడినప్పుడు "హుష్" అని ఊపిరి. బాగుండేది, వినడానికి. మర వచ్చాక, తర్వాత మిక్సీ వచ్చాక మా అమ్మమ్మ గాని మా అమ్మ గాని ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. మా అమ్మ మిక్సీకి పసుపు కుంకుమ పెట్టింది. చెయ్యి నొప్పి మర్చిపోడానికి పుట్టిన పాట అది, నొప్పి పోయాక పాట పోతే దాన్ని నష్టం అని ఒక్క మాటలో ఎలా అంటాం? నన్నడిగితే, పాట పోయిందని ఏడ్చే కంటే, ఆ మిగిలిన గంట ఎటు పోయింది అని అడగాలి. మిక్సీ మిగిల్చిన గంటలో ఆవిడకి ఫిడేలు పెట్టె తీసే వీలు దొరికిందా? ఎక్కడా. ఆ గంటలో ట్యూషన్ కి దింపడం, కరెంటు బిల్లు కట్టడం, అత్తగారి బీపీ మాత్రలు తేవడం, ఇవన్నీ కొత్తగా వచ్చి కూర్చున్నాయి.

అయితే ఆ గంటలో కొంత చదువు కూడా పడింది, అది మర్చిపోకూడదు. వీక్లీలూ మంత్లీలూ అంత బాగా నడిచిన రోజుల్లో వాటిని నిలబెట్టింది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు చాప మీద పడుకుని చదివిన ఆడవాళ్ళు. రాసినవాళ్ళల్లో కూడా ఆడవాళ్ళే ఎక్కువ పేరు తెచ్చుకున్న కాలం అది. వాటిని "వంటింటి సాహిత్యం" అని కొందరు పెద్దలు వెక్కిరించేవారు. నాకైతే కోపం రాదు ఆ మాటకి. వంటిల్లు సాహిత్యంలోకి రావడం వెక్కిరింత ఎలా అవుతుంది, ఆ పెద్దలు ఆ పూట ఎవరి చేతి వంట తిని ఆ వ్యాసం రాశారో? కాకపోతే ఆ నవలల్లో చాలావాటిలో వంటిల్లు లేదు, అదీ మా అమ్మ ఫిర్యాదు. పి. సత్యవతి గారు "ఇల్లలకగానే" రాసే నాటికి ఇంటిపనే కథకి మధ్యలోకొచ్చి కూర్చుంది. ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. అది చదివి మా కొలీగ్ ఒకావిడ లంచ్ రూంలో "నాది అంత ముదరలేదు, నాకు పేరు గుర్తుంది, సంతకం పెట్టాలి గదా రోజూ" అంది. నవ్వాం. నవ్వాక కాసేపు ఎవరం మాట్లాడలేదు, బాక్సులు మూసుకుని సీట్లకెళ్ళిపోయాం.

మరి మీరెలా రాస్తున్నారు అని అడుగుతారు నన్ను. ఫోన్లో అండి. కూర వేగుతుంటే ఫోనుకి చెప్తుంటాను, అదే టైప్ చేస్తుంది. ఒకసారి ఒక కథ పత్రికకి పంపాను, మంచి సీరియస్ సీను, తండ్రి చనిపోయాడు, కొడుకు ఊరినుంచి వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు, తర్వాత లైను "స్టవ్ కట్టెయ్ మాడిపోతోంది". ఎడిటర్ గారు ఫోన్ చేసి "అమ్మా ఇది సింబాలిక్ గా పెట్టారా" అన్నారు.

(నవ్వులు, చప్పట్లు)

అది నేను మా ఆయనతో అన్న మాట. ఆయన ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో, స్టవ్ కట్టేశారు పాపం, కూర మాడాక. ఇప్పుడు పొద్దున్న టిఫిన్ ఆయనే చేస్తారు, ఉప్మా తప్ప ఇంకోటి రాదు గాని, ఆ ఉప్మా వల్ల నాకు ఏడు నుంచి ఎనిమిది వరకు దొరికింది. నా కథలు బాగున్నాయని ఎవరైనా అంటే అందులో ఉప్మా వాటా ఉందని నేను నిజంగానే అనుకుంటాను. ముందుమాటలో రాద్దామంటే వద్దంటున్నారు.

ఆ వెనకాల అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా. ... గట్టిగా చెప్పు, మైకు ఇవ్వండి. ... ఆహా. సుశీల గారు మన ఊరే గదా, ఇక్కడ సంగీత కళాశాలలోనే చదువుకున్నారు గదా, ఆవిడ పాడారు గదా, అంటోంది. మంచి ప్రశ్న. అవును, ద్వారం భావనారాయణరావు గారి దగ్గర నేర్చుకున్నారు, తర్వాత అన్ని వేల పాటలు పాడారు, మనందరికీ గర్వం. కానీ చూడమ్మా, ఆవిడ పాట జీతం తెచ్చే పని అయింది, సంపాదన అయ్యాక దాన్ని షోకు అనరెవరూ. నేనడిగేది ఆవిడ బ్యాచ్ లో, ముందు బ్యాచ్ లో, తర్వాత బ్యాచ్ లో డిప్లొమా తీసుకుని పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయిన అమ్మాయిల గురించి. గొప్ప గాయనులు అవ్వక్కర్లేదు వాళ్ళు. మామూలుగా, సాయంత్రం ఓ అరగంట, తమకోసం, పక్కింటివాళ్ళకి వినపడేలా, అంతే. అది కూడా కావాలి గదా ఊరికి. నువ్వేం నేర్చుకుంటున్నావు? ... వయొలిన్? అలాగా! మరి ఇందాక చెయ్యెత్తలేదేం, వాయులీనం చదవలేదా? రేపు చదివెయ్.

సరే, టైమైపోయిందని చీటీ పంపారు, ఒక్క మాట చెప్పి దిగిపోతాను, ఇది ఉపన్యాసం కాదు, కమిటీ వారికి అర్జీ. ఈ లైబ్రరీ పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. బోర్డు మీద ఉంది. ఎవరు పెట్టారో ఈ టైములు నాకు తెలీదు గాని, వాళ్ళింట్లో వంట వాళ్ళు చెయ్యరని మాత్రం తెలుస్తోంది. పొద్దున్న ఎనిమిదింటికి క్యారియర్లు కట్టాలి, పదకొండింటికి పప్పు దించాలి, సాయంత్రం నాలుగింటికి పిల్లలొస్తారు, ఏడింటికి రాత్రి వంట. ఆడవాళ్ళకి దొరికే రెండు గంటలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, సరిగ్గా అప్పుడే మీ గేటుకి తాళం. ఆడవాళ్ళు లైబ్రరీకి రావట్లేదని రిపోర్టులో రాశారు, ఇందాక చదివారు కూడా. వారానికి మూడు రోజులైనా మధ్యాహ్నం తెరవండి, ఫ్యాను తిరిగితే చాలు, మంచినీళ్ళ కుండ ఒకటి పెట్టండి, కుర్చీలు లేకపోతే చాపలు వెయ్యండి, ఎలాగూ మాకు అలవాటే. స్టాఫ్ లేరంటారు, తెలుసు. మేం రిటైరైన వాళ్ళం ఉన్నాం, వంతులేసుకుని కూర్చుంటాం, రిజిస్టర్ రాయడం నాకు బాగా వచ్చు.

సెక్రటరీ గారు తలూపుతున్నారు. తలూపడం కాదండి, మినిట్స్ లో రాయించండి. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయించండి.